యూనియన్ జాక్‌లో చోటు దొరకని ఎర్ర డ్రాగన్



జెండా కంటితో చూసేది, రేడియో చెవితో వినేది. అందుకని ముందుగా మీరందరూ మనసులో ఒక తెల్ల కాగితం పరుచుకోండి. మధ్యకు అడ్డంగా ఒక గీత గీయండి. పై సగం తెల్లగానే ఉండనివ్వండి. కింది సగానికి నాటు వేసిన వరిమడిలాంటి ఆకుపచ్చ పూయండి. ఆ రెండు రంగుల మీదా, కాగితం నిండా, ఒక ఎర్రటి జంతువును నిలబెట్టండి. ఒళ్లంతా పాముకున్నట్టు పొలుసులు, గబ్బిలానికున్నట్టు రెక్కలు, గద్దకున్నట్టు గోళ్లు. నాలుక చివర, తోక చివర బాణపు ములుకులు. ముందరికాలు ఒకటి పైకెత్తి, జెండాకర్ర వైపు మొహం పెట్టి, నడిచి వస్తున్నట్టుంటుంది. అదే డ్రాగన్. మీ మనసులో ఇప్పుడు ఎగురుతున్నది వేల్స్ జెండా.

వేల్స్ అంటే బ్రిటన్ దీవికి పడమటి వైపున్న కొండల దేశం. 2021 లెక్కల ప్రకారం జనాభా సుమారు 31 లక్షలు. ఆ ప్రజలు తమ దేశాన్ని వేల్స్ అనరు, కమ్రీ అంటారు. తోటివాళ్ల దేశం అని ఆ మాటకు అర్థం. వేల్స్ అన్నది పక్కనుంచి వచ్చిన ఆంగ్లో శాక్సన్లు పెట్టిన పేరు. ఆ పేరుకు మూలమైన పాత ఇంగ్లీషు మాటకు అర్థం పరాయివాళ్లు అని. సొంత గడ్డ మీద ఉన్నవాళ్లకు పరాయివాళ్లన్న పేరు పడింది. ఈ జెండా కథంతా ఆ ఒక్క మాటలో ఉందని నాకనిపిస్తుంది.

మన తాతముత్తాతలు కలెక్టరు కచేరీల మీద, కోటల మీద ఏళ్ల తరబడి చూసిన యూనియన్ జాక్‌ను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో మూడు శిలువలున్నాయి. నిలువు ఎర్ర శిలువ ఇంగ్లండ్ సెయింట్ జార్జిది. నీలం మీది తెల్ల ఏటవాలు శిలువ స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూది. ఎర్ర ఏటవాలు శిలువ ఐర్లండ్ సెయింట్ పాట్రిక్‌ది. వేల్స్‌ది ఏదీ? లేదు. ఒక గీత లేదు, ఒక రంగు లేదు. ఆ దేశపు పురాతనమైన గుర్తుకు ఆ జెండాలో చోటెందుకు దొరకలేదో, చోటు దొరకకపోయినా ఆ గుర్తు ఎలా బతికిందో ఇవాళ చెప్పుకుందాం.

కథ ఒక కొండ దగ్గర మొదలవుతుంది. వేల్స్ ఉత్తరాన స్నోడోనియా పర్వతాలున్నాయి. అక్కడ బెద్‌గెలెర్ట్ అనే ఊరికి దగ్గర్లో, ఓక్ చెట్లు కప్పిన ఒక గుట్ట ఉంది. పేరు డినాస్ ఎమ్రిస్, అంటే ఎమ్రిస్ కోట. సుమారు 830 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన 'హిస్టోరియా బ్రిటోనం' అనే గ్రంథంలో ఈ కథ ఉంది. దాన్ని నెన్నియస్ అనే సన్యాసి రాశాడని చాలాకాలం నమ్మారు.

రోమన్లు బ్రిటన్ వదిలి వెళ్లిపోయారు. వోర్టిగర్న్ అనే బ్రిటన్ రాజు శత్రువుల మీద సాయానికి సముద్రం అవతలి శాక్సన్లను పిలిచాడు. పిలిచిన చుట్టాలు ఇల్లు ఖాళీ చేయలేదు, ఇంటికే ఎసరు పెట్టారు. రాజు పడమటి కొండల్లోకి పారిపోయి ఈ గుట్ట మీద కోట కట్టబోయాడు. పగలంతా పోగుచేసిన రాళ్లు, కలప రాత్రికి రాత్రే మాయమయ్యేవి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆస్థానంలోని మంత్రగాళ్లు ఒక ఉపాయం చెప్పారు: తండ్రి లేని పిల్లవాణ్ణి వెతికి తెచ్చి, వాడి రక్తం పునాదుల్లో చల్లితే కోట నిలుస్తుందట.

చెరువు కట్ట తెగకుండా నిలబడడానికి తనను తాను ఇచ్చుకున్న ముసలమ్మ కథ తెలిసిన మనకు ఈ ఘట్టం కొత్తేమీ కాదు. మట్టి మనిషిని అడుగుతుందన్న భయం అన్ని దేశాలదీ. కానీ వేల్స్ కథ ఇక్కడ దారి మార్చుకుంటుంది.

రాజభటులు దేశమంతా తిరిగారు. ఒకచోట పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. ఆటలో గొడవొచ్చి ఒకడు ఇంకొకణ్ణి తండ్రి లేనివాడా అని తిట్టాడు. భటుల చెవిన పడాల్సింది ఆ తిట్టే. ఆ పిల్లవాణ్ణి పట్టుకొచ్చి రాజు ముందు నిలబెట్టారు. పిల్లవాడు ఏడవలేదు. నన్ను చంపమని చెప్పినవాళ్లను పిలిపించండి అన్నాడు. ఈ నేల అడుగున ఏముందో చెప్పండని వాళ్లను అడిగాడు. మంత్రగాళ్లు తెల్లమొహం వేశారు. తవ్వించండి, కింద కొలను ఉంటుంది అన్నాడు. తవ్వితే కొలను ఉంది. కొలనులో రెండు పాత్రలున్నాయి. వాటి మధ్య మడతపెట్టిన గుడారపు గుడ్డ ఉంది. గుడ్డ విప్పితే రెండు పురుగులు నిద్రపోతున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది.

అవును, ఆ గ్రంథం మొదట పురుగులనే అంటుంది. రెండూ లేచి కలబడ్డాయి. తెల్లది ఎర్రదాన్ని మూడుసార్లు అంచు దాకా నెట్టేసింది. ఇక అయిపోయిందనుకున్నప్పుడు ఎర్రది పుంజుకుని తెల్లదాన్ని గుడ్డ మీంచి తరిమేసింది. పిల్లవాడు అర్థం చెప్పాడు. ఈ గుడ్డ నీ రాజ్యం. ఎర్రది మన డ్రాగన్. తెల్లది మన నేల ఆక్రమిస్తున్నవాళ్ల డ్రాగన్. ఇప్పుడు వాళ్లది పైచేయి. కానీ ఒకనాటికి మనవాళ్లు లేస్తారు, వాళ్లను సముద్రం దాటిస్తారు. రాజా, ఈ కోట నీ చేత కాదు, వేరే చోటు చూసుకో. ఆ పిల్లవాడి పేరు ఆంబ్రోసియస్. వెల్ష్‌లో ఆ పేరే ఎమ్రిస్. గుట్టకు ఆ పేరు అలా నిలిచింది.

మూడు వందల ఏళ్ల తర్వాత, సుమారు 1136లో, మాన్మత్ ఊరి జెఫ్రీ తన చరిత్ర గ్రంథంలో ఈ కథనే తిరగరాశాడు. పిల్లవాణ్ణి మెర్లిన్ చేశాడు. ఆర్థర్ రాజు కథలతో పాటు డ్రాగన్ కథ కూడా యూరప్ అంతా పాకింది. వెల్ష్ జానపద గాథల సంపుటి 'మాబినోగియన్'లో దీనికి ముందు జరిగిన కథ ఒకటుంది. పోట్లాడుకుంటున్న ఆ రెండు డ్రాగన్లు ఏటా మే ఒకటి ముందురాత్రి పెట్టే కేకకు దేశం గడగడలాడేది. లూద్ అనే రాజు గొయ్యి తవ్వించి, తొట్టి నిండా తేనె మద్యం పోయించి, పైన పట్టుబట్ట కప్పించాడు. డ్రాగన్లు అలసి పందిపిల్లల రూపంలో అందులో పడి, తాగి, నిద్రపోయాయి. వాటిని ఆ బట్టలోనే మూటగట్టి రాతిపెట్టెలో పెట్టి స్నోడోనియాలో పాతిపెట్టారు. వోర్టిగర్న్ తవ్వించింది ఆ చోటేనట.

1950ల్లో పురావస్తు పరిశోధకులు డినాస్ ఎమ్రిస్‌ను తవ్వారు. గుట్ట మీద నిజంగానే మనుషులు తవ్వుకున్న ఒక కొలను బయటపడింది. రోమన్లు వెళ్లిపోయాక, ఐదారు శతాబ్దాల ప్రాంతంలో, అక్కడ మనుషులున్న ఆనవాళ్లు దొరికాయి. డ్రాగన్లు దొరకలేదని వేరే చెప్పక్కర్లేదు కదా. కానీ గుట్టలో నీళ్లున్నాయన్న సంగతిని ఆ కథ వెయ్యేళ్లకు పైగా మోసుకొచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి డ్రాగన్ వాళ్లకు గుర్తుగా ఎలా వచ్చింది? దారి బహుశా రోమన్ సైన్యం. రోమన్ అశ్వికదళం 'డ్రాకో' అనే ధ్వజం పట్టుకుని నడిచేది. కర్ర చివర నోరు తెరిచిన డ్రాగన్ లోహపు తల. దాని మెడకు రంగుబట్టతో కుట్టిన పొడవాటి గొట్టం. గుర్రం దౌడు తీసినప్పుడు గాలి ఆ నోట్లోంచి దూరి గుడ్డ ఉబ్బి, పాము ఒళ్లు విరుచుకున్నట్టు మెలికలు తిరిగేది. డేసియన్లు, సర్మేషియన్లు అనే తూర్పు యోధుల దగ్గర రోమన్లు నేర్చుకున్న విద్య ఇది. క్రీ.శ. 175లో మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి 5,500 మంది సర్మేషియన్ రౌతులను బ్రిటన్‌కు పంపించాడని రోమన్ చరిత్రకారుడు డియో రాశాడు. దుమ్ములోంచి బుసకొడుతూ దూసుకొచ్చే ఆ గుడ్డపామును చూసినవాళ్లు దాన్ని మరిచిపోగలరా? మొత్తం దారి ఇదేనని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు గాని, ఇంతకంటే నమ్మదగిన దారి నాకు కనబడలేదు.

రోమన్లు పోయాక ఆ మాట వెల్ష్ కవుల నోట్లో స్థిరపడింది. డ్రైగ్ అంటే డ్రాగన్. ఆ మాటకే వీరుడు, దండనాయకుడు అని అర్థం. మనం పులి అన్నట్టు, సింహం అన్నట్టు, వాళ్లు రాజును డ్రాగన్ అని పొగిడేవారు. ఆర్థర్ తండ్రి ఊథర్‌కు పెండ్రాగన్ అని బిరుదు, అంటే నాయకుల్లో నాయకుడు.

ఇక్కడ తెలుగువాళ్లకు వెంటనే అందే ఒక చక్కని సంగతి చెప్పాలి. వేల్స్ ప్రజలు ఈ జెండాను 'అ ద్రైగ్ గోఖ్' అంటారు. ఎర్ర డ్రాగన్ అని అర్థం. వెల్ష్‌లో ఎరుపుకు మాట గోఖ్ కాదు, కోఖ్. డ్రాగన్‌కు మాట ద్రైగ్ కాదు, డ్రైగ్. వాక్యంలో ముందున్న మాట ప్రభావంతో క మెత్తబడి గ అవుతుంది, ప మెత్తబడి బ అవుతుంది, త మెత్తబడి ద అవుతుంది. తల్లి, తండ్రి కలిస్తే మనం తల్లిదండ్రులు అంటాం. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అంటాం. పరుషం సరళమవుతుందని మన పండితులు బడిలో చెప్పిన పాఠమే. ఎక్కడి స్నోడోనియా, ఎక్కడి గోదావరి! రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా పలుకు మెత్తబడే తీరు ఒకటే. ఆ జెండా పేరు నేర్చుకున్న రోజు ఆ భాష నాకు పరాయిదనిపించలేదు.

సరే, మళ్లీ చరిత్రలోకి వద్దాం. ఏడో శతాబ్దంలో ఉత్తర వేల్స్‌లోని గ్వినెడ్ రాజ్యాన్ని ఏలిన కద్వలాదర్ రాజు ఎర్ర డ్రాగన్ ధ్వజం ఎత్తాడని ఒక సంప్రదాయం ఉంది. ఇవాళ్టికీ చాలామంది దీన్ని కద్వలాదర్ డ్రాగన్ అంటారు. ఆయన కాలపు సాక్ష్యం మాత్రం ఏదీ లేదు. ఆ పేరును గట్టిగా ప్రచారం చేసినవాళ్లు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత వచ్చారు. వాళ్ల సంగతి ఇంకాసేపట్లో.

1282 డిసెంబరు 11న కిల్మెరి దగ్గర వేల్స్ స్వతంత్ర రాజకుమారుడు లువెలిన్ చనిపోయాడు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దేశాన్ని లొంగదీసుకుని చుట్టూ రాతికోటలు కట్టించాడు. వాటిలో కర్నార్వన్ కోట ఒకటి. ఈ పేరు గుర్తుంచుకోండి.

నూట ఇరవై ఏళ్లు తిరగకముందే ఓవైన్ గ్లిన్‌డూర్ అనే వెల్ష్ నాయకుడు తిరుగుబాటు చేశాడు. 1401 నవంబరులో అదే కర్నార్వన్ ముందు ఆయన తెల్లటి బట్ట మీద బంగారు డ్రాగన్ ఎత్తాడు. ఆనాటి చరిత్రకారుడు ఆడమ్ ఆఫ్ అస్క్ ఈ సంగతి రాసిపెట్టాడు. ఎరుపు కాదు, బంగారు రంగు. రంగు ఏదైతేనేం, జనం చూసింది కథలోని డ్రాగన్‌నే. తమను విడిపించే వీరుడొకడు వస్తాడని వెల్ష్ కవులు తరతరాలుగా జోస్యం పాడుతూ వచ్చారు. గ్లిన్‌డూరే ఆ వీరుడని నమ్మారు. తిరుగుబాటు ఓడిపోయింది. ఆయన ఎవరికీ పట్టుబడలేదు. ఎక్కడ చనిపోయాడో, ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత వచ్చినవాడు హెన్రీ ట్యూడర్. పెంబ్రోక్ కోటలో 1457లో పుట్టాడు. పద్నాలుగేళ్లు ఫ్రాన్స్ వైపు ప్రవాసంలో గడిపి, 1485 ఆగస్టు 7న వేల్స్ తీరంలో మిల్ బే దగ్గర దిగాడు. చేతిలో పెద్ద సైన్యం లేదు. ఇంగ్లండ్‌లోకి నేరుగా పోకుండా వేల్స్ మధ్యనుంచి నడిచాడు. కద్వలాదర్ వంశం వాణ్ణని చెప్పుకున్నాడు, డ్రాగన్ జెండా ముందు పెట్టుకున్నాడు. కవులు ఈసారి ఇతనే అన్నారు. మనుషులు చేరుతూ వచ్చారు. ఆగస్టు 22న బాస్వర్త్ పొలాల్లో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ నేరుగా హెన్రీ మీదికే గుర్రం దూకించాడు. హెన్రీ జెండా మోస్తున్న విలియం బ్రాండన్‌ను నరికేశాడు. పడిపోతున్న జెండాను రీస్ వౌర్ అనే వెల్ష్ వీరుడు అందుకుని నిలబెట్టాడని వేల్స్‌లో చెప్పుకుంటారు. కొద్దిసేపటికే రిచర్డ్ కూలిపోయాడు. హెన్రీ రాజయ్యాడు.

లండన్ చేరగానే ఆయన సెయింట్ పాల్ చర్చికి వెళ్లి మూడు జెండాలు సమర్పించాడు. వాటిలో ఒకటి తెలుపు, ఆకుపచ్చ పట్టు మీద ఎర్ర డ్రాగన్. మీరు ఇందాక మనసులో గీసుకున్న బొమ్మ ఆ రోజుకి తయారైంది. తెలుపు, ఆకుపచ్చ ట్యూడర్ల పరివారం వేసుకునే రంగులు. అంతకుముందు ఫ్రాన్స్ యుద్ధాల్లో వెల్ష్ విలుకాళ్లు ఆ రంగుల బట్టలే కట్టారంటారు. మార్చి 1న తమ దేశపు సాధువు సెయింట్ డేవిడ్ పండుగకు వెల్ష్‌వాళ్లు లీక్ అనే కూరమొక్కను గుండీకి గుచ్చుకుంటారు. మన ఉల్లికాడకు అన్నలాంటిది. దాని మొదలు తెలుపు, ఆకులు ఆకుపచ్చ. అందుకని జెండా రంగులు లీక్‌వే అనేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేముంది, ఏటా కంటి ముందు కనిపించే పోలిక అది.

హెన్రీ తన పెద్దకొడుక్కి ఆర్థర్ అని పేరు పెట్టాడు. రాజచిహ్నాల్లో డ్రాగన్‌కు చోటిచ్చాడు. రూజ్ డ్రాగన్ అనే పేరుతో ఆస్థానంలో ఒక వందిమాగధుల పదవి పుట్టించాడు. ఐదు వందల ఏళ్లు దాటినా ఆ పదవి నేటికీ ఉంది. జోస్యం ఫలించిందని వేల్స్ మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతకాలం? ఆయన కొడుకు ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536 చట్టంతో వేల్స్ ఇంగ్లండ్‌లో కలిసిపోయింది. న్యాయస్థానాల్లో ఇంగ్లీషే నడవాలి, వెల్ష్ మాట్లాడేవాళ్లకు ప్రభుత్వ పదవులుండవు అని ఆ చట్టంలో రాశారు. రాజచిహ్నంలో ఒకపక్క ఎర్ర డ్రాగన్ నిలబడి ఉంది. దాని పేరు పలికే భాషకు కచేరీ గడప ఎక్కే హక్కు లేదు. ఈ జెండా చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే ఘట్టం ఇది. బొమ్మను గోడకెక్కించి మనుషులను గడప బయట నిలబెట్టారు. ఓడినవాళ్లకు జరిగే అన్యాయం ఒకటి. గెలిచామనుకుని పొంగిపోయినవాళ్లకు జరిగిన అన్యాయం ఇది.

1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం ఎక్కగానే రాజచిహ్నంలో డ్రాగన్ చోటు కూడా పోయింది. స్కాట్లండ్ ఒంటికొమ్ము గుర్రం అక్కడికొచ్చింది. 1606లో రెండు దేశాల శిలువలు కలిపి మొదటి యూనియన్ జెండా కుట్టారు. వేల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చట్టం దృష్టిలో అది ఇంగ్లండ్‌లో ఒక భాగం, దానికి వేరే జెండా ఎందుకన్నది వాళ్ల లెక్క. 1801లో ఐర్లండ్ శిలువ చేర్చినప్పుడూ అంతే.

ఇంకో సంగతి ఆలోచించండి. ఇంగ్లండ్ జెండా సెయింట్ జార్జ్ శిలువ. ఆ జార్జ్ ఎందుకు ప్రసిద్ధుడు? డ్రాగన్‌ను చంపినందుకు. పొరుగువాళ్ల వీరుడు చంపిన జంతువును వేల్స్ తన జెండా మీద పెట్టుకుంది. బైబిలు చివరి గ్రంథంలో సైతానుకు రూపం ఎర్ర డ్రాగనే. తెలుగు బైబిలు దాన్ని ఘటసర్పం అంటుంది. 1588లో విలియం మోర్గన్ బైబిలు మొత్తాన్ని వెల్ష్‌లోకి తెచ్చాడు. కచేరీ నుంచి వెళ్లగొట్టిన భాషను చర్చి కాపాడింది ఆ పుస్తకంతోనే. అందులోనూ ఎర్ర డ్రాగన్ సైతానే. అయినా ఆ పుస్తకాన్ని రోజూ చదివిన భక్తులు జెండా మీది డ్రాగన్‌ను వదులుకోలేదు. 2007లో ఒక చిన్న క్రైస్తవ పార్టీ ఇది సైతాను గుర్తు, తీసేసి సెయింట్ డేవిడ్ శిలువ పెట్టాలని అడిగింది. నల్ల బట్ట మీద పసుపు శిలువ, అదీ అందమైన జెండాయే. జనం ఆ మాట పట్టించుకోలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో 'వెల్ష్ నాట్' అనే చెక్క వేలాడదీసేవారు. ఆ చెక్క ఇంకో పిల్లవాడు వెల్ష్ మాట్లాడితే వాడి మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. తోటిపిల్లవాడి నోటి నుంచి అమ్మభాష ఎప్పుడు జారుతుందా అని పిల్లలే కాచుకుని ఉండాలి. ఆ కాలంలోనే, 1865లో, తమ భాష తాము మాట్లాడుకోవడానికి కొందరు 'మిమోసా' అనే ఓడెక్కి దక్షిణ అమెరికాలోని పటగోనియా చేరారు. అర్జెంటీనా లేతనీలం, తెలుపు చారల మీద ఎర్ర డ్రాగన్‌ను నిలిపిన జెండాను వాళ్ల వారసులు ఇప్పటికీ ఎగరేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1916 జులైలో ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవి కోసం జరిగిన పోరులో 38వ వెల్ష్ డివిజన్‌లో వేలమంది చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. ఆ అడవికి ఎదురుగా 1987లో ఒక స్మారకం కట్టారు. రాతిదిమ్మె మీద లోహపు ఎర్ర డ్రాగన్. రెక్కలు విప్పి, మెడ అడవి వైపు చాచి, కాళ్లతో ముళ్లతీగను చీలుస్తూ ఉంటుంది. చేసినవాడు వేల్స్ శిల్పి డేవిడ్ పీటర్సన్. ఆ డ్రాగన్ ముందు నిలబడితే కనిపించేది ఒక పొలం, దాని వెనక చెట్లు. ఆ కుర్రాళ్లు మిషన్‌గన్లకు ఎదురు నడిచింది ఆ పొలంలోనే.

కర్నార్వన్ కోటను గుర్తుంచుకోమన్నాను కదా. 1932 మార్చి 1, సెయింట్ డేవిడ్ పండుగ. కోటలో ఈగిల్ టవర్ మీద ఎప్పట్లాగే యూనియన్ జాక్ ఎగురుతోంది. వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ కార్యదర్శి జె.ఇ. జోన్స్, ఇంకో ముగ్గురు బురుజెక్కి దాన్ని దించి ఎర్ర డ్రాగన్ ఎగరేశారు. కోట సిబ్బంది వచ్చి మళ్లీ పాత జెండానే ఎక్కించారు. తమ పండుగ రోజున తమ ఊళ్లో తమ జెండా ఎగరేయడానికి దొంగల్లా మెట్లెక్కాల్సి వచ్చింది. మనకు ఆ బాధ తెలుసు. మువ్వన్నెల జెండా పట్టుకుని వీధిలో నడిచినందుకు లాఠీదెబ్బలు తిన్నవాళ్ల ఇళ్లు తెలుగునాట ఊరూరా ఉన్నాయి.

1953లో అప్పటి బ్రిటన్ రాణి పట్టాభిషేకం సందర్భంగా ప్రభుత్వం వేల్స్ మీద దయతలచింది. డ్రాగన్‌ను చిన్నది చేసి ఒక డాలులో పెట్టి, చుట్టూ ఒక వెల్ష్ సూక్తి రాసి, పైన కిరీటం తగిలించి కొత్త చిహ్నం తయారు చేసింది. సూక్తి పదిహేనో శతాబ్దపు కవి డెయో అబ్ యెయాన్ డీ పద్యంలోది. ఆయన దాన్ని రాసింది ఎవరో గిత్తను కానుకగా ఇచ్చినందుకు కృతజ్ఞతగా. ప్రధాని చర్చిల్‌కు ఆ చిహ్నం బొత్తిగా నచ్చలేదు. తెలుపు, ఆకుపచ్చ జెండా మధ్యలో ఆ బిళ్లను అతికించి ప్రభుత్వ భవనాల మీద ఎగరేస్తే వేల్స్ ప్రజలకూ నచ్చలేదు. రెక్కలు విప్పి నడిచే జంతువును తెచ్చి గుండీలో బిగించినట్టుంది మరి.

గట్టిగా అడిగింది ఎవరనుకుంటున్నారు? కవులు. ఏటా జరిగే ఐస్టెద్వద్ అనే సాహిత్య సంగీత ఉత్సవంలో ముఖ్య వేడుకలు నడిపించే కవుల సభ గోర్సెద్ 1958లో తీర్మానం చేసింది, మాకు మా పాత డ్రాగన్ కావాలి అని. డ్రాగన్‌ను వెయ్యేళ్లకు పైగా నాలుక మీద బతికించిన కవుల వారసులే దాన్ని జెండా కర్రకు ఎక్కించమని అడిగారు. 1959 ఫిబ్రవరిలో వేల్స్ వ్యవహారాల మంత్రి హెన్రీ బ్రూక్ పార్లమెంటులో ప్రకటించాడు: ఇకమీదట వేల్స్‌లోని ప్రభుత్వ భవనాల మీద తెలుపు, ఆకుపచ్చల మీద నడిచే ఎర్ర డ్రాగనే ఎగురుతుందని. బాస్వర్త్ యుద్ధం జరిగి అప్పటికి దాదాపు 474 ఏళ్లు.

ఈ గుర్తింపును ప్రభుత్వం ఇచ్చిన వరంగా చెప్పే పుస్తకాలున్నాయి. నేను ఒప్పుకోను. కొండ కింద నీళ్ల కథ చెప్పిన అవ్వలు, రాజును డ్రాగన్ అని పిలిచిన కవులు, మెడలో చెక్క వేసినా అమ్మభాష మరవని పిల్లలు దాన్ని నిలబెట్టారు. ప్రభుత్వం ఆఖర్న వచ్చి సంతకం పెట్టింది.

సంతకం పెట్టినంత మాత్రాన కష్టాలు తీరలేదు. 1965లో లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రివెరిన్ లోయకు ఆనకట్ట కట్టి, వెల్ష్ మాట్లాడే కాపెల్ కెలిన్ గ్రామాన్ని ముంచేశారు. బడి, చర్చి, ఇళ్లు, పొలాలు నీటి కిందికి పోయాయి. అందుకోసం పార్లమెంటులో తెచ్చిన చట్టానికి వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా ఓటు వేయకపోయినా ఆగలేదు. మునక ఊళ్ల బాధ నాగార్జునసాగర్, శ్రీశైలం నిర్వాసితుల పిల్లలకు నేను వివరించనక్కర్లేదు. ఆ దుఃఖం నుంచే కొత్త పట్టుదల పుట్టింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 50.3 శాతం మంది సొంత శాసనసభ కావాలన్నారు. అంత స్వల్ప ఆధిక్యంతోనే 1999లో కార్డిఫ్‌లో సభ మొదలైంది. ఇప్పుడు దాన్ని సెనెద్ అంటారు. 2021 లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలవాళ్లు 17.8 శాతమే. 2050 నాటికి పది లక్షల మంది కావాలని వేల్స్ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. జెండా నిలిచింది, భాష ఇంకా పోరాడుతోంది.

2022లో వేల్స్ ఫుట్‌బాల్ జట్టు 64 ఏళ్ల తర్వాత ప్రపంచకప్ ఆడింది. వాళ్ల చొక్కా మీది గుర్తు డ్రాగనే. అభిమానుల గుంపును 'అ వల్ గోఖ్' అంటారు, ఎర్ర గోడ అని. అక్కడా కోఖ్ మెత్తబడి గోఖ్ అయింది, గమనించారా?

2007లో రెక్సమ్ ఎంపీ ఇయాన్ లూకస్ యూనియన్ జాక్‌లో డ్రాగన్‌ను చేర్చాలని పార్లమెంటులో ప్రతిపాదించాడు. పత్రికల్లో కొన్నాళ్లు రకరకాల బొమ్మలు వచ్చాయి. తర్వాత ఆ మాట సద్దుమణిగింది. యూనియన్ జాక్‌లో ఈ రోజుకీ వేల్స్ లేదు.

శ్రోతలారా, మీ ఇంట్లో పిల్లలు ప్రపంచ జెండాల పటం ముందు కూర్చున్నప్పుడు యూనియన్ జాక్ దగ్గర ఒక్క నిమిషం ఆపండి. ఇందులో లేని దేశం ఒకటుంది, దాని జెండా ఎక్కడుందో వెతకమనండి. తెలుపు, ఆకుపచ్చల మీద ఎర్ర డ్రాగన్ కనబడగానే, రాజు ముందు నిలబడి ఏడవకుండా ప్రశ్న అడిగిన తండ్రి లేని పిల్లవాడి కథ చెప్పండి.